బొమ్మ సిపాయి తలపాగ

చిన్న వస్తువుల యెడ మనుష్యుడు చూపు శ్రద్ధ ఒక్కొక్కప్పుడు పెద్ద ప్రశ్నలను తెచ్చిపెట్టుచుండును. రెండంగుళముల ఎత్తుగల లోహపు సిపాయి బొమ్మకు రంగు వేయుట అట్టి చిన్న పనులలో ఒకటి. బిలాస్‌పూరు జిల్లాలోని బెల్తరాలో, ఉద్యోగము చాలించుకొన్న రైల్వే గుమాస్తా యొకడు రాత్రివేళ దీపము క్రింద కూర్చుండి అట్టి బొమ్మకు రంగు వేయుచున్నాడని ఊహింపవచ్చును. ఆతని ముందు సన్నని కుంచె, భూతద్దము, పాత చిత్రముల ప్రతులు కొన్ని ఉండును. బొమ్మ 1806వ సంవత్సరపు మద్రాసు సైన్యమునకు చెందిన సిపాయి. కోటు ఎఱుపు, అందు సందేహము లేదు. చేతుల అంచు మడతల రంగు ఏ దళమునకు ఏది యగునో వెదకి తెలిసికొనవలెను. గుండీల మధ్య ఎడమెంత? భుజముమీదుగా పోవు తోలుపట్టీ వెడల్పెంత? ఒక్క గుండీ తప్పినను ఆతనికి నిద్రపట్టదు. తుదకు కుంచె తలపాగ దగ్గరకు వచ్చి ఆగును. ఆ యేడు ఏ తలపాగ? నుదుట బొట్టు పెట్టవలెనా, వలదా?

గుండీల ప్రశ్నకు ఈ ప్రశ్నకు ఎంతో భేదము కలదు. గుండీల లెక్క దర్జీని అడిగినను తేలును. నుదుటి బొట్టు లెక్క ఎవరిని అడుగవలెనన్నదే తేలదు. ఆ సిపాయిని కొలువునకు పెట్టుకొన్న దొరను అడుగవలెనా, లేక ఆ సిపాయినే అడుగవలెనా? ఇంత చిన్న బొమ్మకు ఇంత విచారమా యని నవ్వువారుందురు. కాని నిజమునకు కట్టుబడి యుండుట యనగా ఎవరి నిజమునకు కట్టుబడి యుండుట యను ప్రశ్న ఇందు దాగియున్నది. ఆ ప్రశ్న చరిత్ర వ్రాయువానికిని, అనువాదము చేయువానికిని, సాక్ష్యము చెప్పువానికిని సమానమే.

సైనికుల బొమ్మలు చేయుట క్రొత్తగా పుట్టిన వేడుక కాదు. ఈజిప్టు దేశమున అస్యూత్ వద్ద మెసెహ్తి యను అధికారి సమాధిలో, నాలుగువేల యేండ్ల నాటి కొయ్యబొమ్మల దళములు రెండు దొరకినవి. నలువదిమంది ఈజిప్టు బల్లెగాండ్రు ఒక దళము, నలువదిమంది నూబియా విలుకాండ్రు వేఱొక దళము. వారి డాళ్ళమీది పశుచర్మపు మచ్చలు ఒక్కొక్క డాలునకు ఒక్కొక్క తీరుగా చిత్రింపబడినవి. చచ్చిన యజమానికి పరలోకమున కావలి కాయుట ఆ బొమ్మల పని. పదునెనిమిదవ శతాబ్దమున జర్మనీలోని నూరెంబర్గు నగరమున తగరముతో పలుచని సిపాయిలను పోతపోసి పిల్లలకు అమ్మసాగిరి. 1893లో ఇంగ్లండున విలియం బ్రిటన్ కుటుంబమువారు లోపల బోలుగా నుండునట్లు సీసపు బొమ్మలను పోయు ఉపాయము కనుగొనిరి. లోహము తక్కువ పట్టుటచే వెల తగ్గెను. సామాన్యుల పిల్లల చేతులలోనికి సైన్యములు వచ్చెను. ఆ పెట్టెలలో భారతదేశపు అశ్వదళములు కూడ నుండెను. సీసము విషమని తెలిసిన పిమ్మట 1960ల నడుమ ఆ పోతపని నిలిచిపోయి ప్లాస్టిక్కు వచ్చెను. నేడు ఈ పని పిల్లలది కాదు, పెద్దలది. వారు రంగు వేయని బొమ్మలను కొని, మొదట ఒక పూత పూసి, మీద రంగులు దిద్ది, మడతలలో పలుచని ముదురురంగును పాఱించి నీడలు తెప్పించి, ఉబ్బెత్తు భాగములను పొడికుంచెతో తాకించి వెలుగు తెప్పింతురు. ఆపైన పీఠముమీద ఇసుక, గడ్డి అంటించి నేల కల్పింతురు.

తెలుగువారికి ఇందులోని శ్రమ తెలియనిది కాదు. కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱను సన్నని సెగమీద ఆరబెట్టి, అవయవములను వేఱువేఱుగా చెక్కి, రంపపుపొట్టును చింతగింజల జిగురును కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి, పిమ్మట రంగులు వేయుదురు. అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కు గీతగాడు, దశావతారములు అక్కడ ఒకే చేతినుండి వెడలును. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టు ఇండ్లలో దేవతలు పైమెట్ల మీదను, శెట్టి, రైతు, బంట్రోతు క్రింది మెట్ల మీదను నిలుతురు. అయితే అచట ఎవ్వరును బంట్రోతు చొక్కాకు గుండీలెన్ని యని లెక్కింపరు. కొండపల్లి బొమ్మ ఫలానా రైతును చూపదు, రైతుతనమును చూపును. లోహపు సిపాయిని చేయువాడు అట్లు తృప్తిపడడు. ఆతనికి సిపాయితనము చాలదు. ఫలానా యేటి, ఫలానా దళపు సిపాయి కావలెను. ఈ పట్టుదలయే ఈ కళకు గౌరవము, ఈ పట్టుదలలోనే దీని చిక్కును కలదు.

మొదట వచ్చు ఆక్షేపణ వేఱు. చంపుటకు ఏర్పడిన వేషమును ముద్దుగా చిత్రించి అల్మారాలో పెట్టుకొనుట తగునా యని ధర్మపరులు అడుగుదురు. ఇది పాత ఆక్షేపణయే. దీఘనికాయములోని బ్రహ్మజాలసుత్తమున భిక్షువులు దూరముగా నుండవలసిన వినోదములలో కృత్రిమయుద్ధములు, సేనల బారులు చూచుట కూడ చెప్పబడినది. చూపు మెల్లమెల్లగా మనస్సును మార్చునని ఆ నియమముయొక్క భావము. దీనిని త్రోసివేయుట సులభము కాదు. 1913లో ఎచ్. జి. వెల్స్ బొమ్మ సిపాయిలతో ఆడు ఆటనుగూర్చి పుస్తకము వ్రాసి, తుదిలో, ఈ చిన్న యుద్ధము ఆడినవారికి నిజమైన పెద్ద యుద్ధము ఎంత తెలివిమాలిన పనియో బోధపడునని వాదించెను. మఱుసటి యేడే పెద్ద యుద్ధము వచ్చెను. బొమ్మలతో ఆడిన బాలురు నిజమైన కందకములలోనికి పోయిరి. ఆట వారిని ఆపలేదు. అయితే ఆటయే వారిని పంపెననియు చెప్పుటకు వీలులేదు.

ఈ వాదమున గమనింపవలసిన దొకటి కలదు. 1824లో ప్రష్యా సైన్యాధికారుల శిక్షణకై రైస్విట్జ్ అనునాతడు ఒక యుద్ధక్రీడను సిద్ధపఱచెను. పటముమీద దళములను నడిపి ఎత్తులకు పైఎత్తులు వేయుట ఆ క్రీడ. అది నిజమైన యుద్ధమునకు చేసిన అభ్యాసము. అందు సిపాయి బొమ్మలు లేవు. ఎఱ్ఱ, నీలి రంగుల చిన్న దిమ్మలు మాత్రము కలవు. నిజముగా యుద్ధము నడుపదలచినవానికి గుండీలతో పనిలేదు, ముఖముతో అసలే పనిలేదు. ఇంతమంది, ఈ చోటు, ఇంత వేగము - ఇంత తెలిసిన చాలును. చదరంగములో బంటు కూడ అట్టిదే. కాళ్ళు చేతులు పోయి ఒక మొనగా మిగిలినాడు. కావున గుండీలు దిద్దువాడు యుద్ధమునకు దగ్గఱగా పోవుచున్నాడనుట సరికాదు. దిమ్మనుండి మనిషివైపునకు ఆతడు కొన్ని అడుగులు వెనుకకు నడచుచున్నాడు. ఆ నడక ఎచట ఆగుననునది అసలు ప్రశ్న. చాలమంది విషయమున అది కోటు దగ్గఱ ఆగును.

కోటు దగ్గఱ ఆగినచో ఏమగునో ఒక మాట చరిత్ర చెప్పగలదు. హిందీలో 'తిలంగా' యను పదము కలదు. తెలుగుదేశపువాడని దాని పుట్టుక. కాని కంపెనీ కాలపు హిందీలో, ఉర్దూలో ఆ మాటకు అర్థము వేఱు. ఆంగ్లేయుల పద్ధతిలో వేషము వేసి, వారి కవాతు నేర్చిన దేశీయ సిపాయి యని. ఈ అర్థము వచ్చిన తీరు ఇట్టిది. ఇంగ్లీషువారు మొదట దక్షిణమున, మద్రాసు ప్రాంతమున సిపాయిలను చేర్చుకొని తీర్చిదిద్దిరి. 1756-57లో క్లైవు వంగదేశమునకు పోవునపుడు మద్రాసునుండి సిపాయిలను వెంటబెట్టుకొని పోయెను. 1757లో అచటి మనుష్యులతోనే మొదటి బెంగాలు పటాలము ఏర్పడెను. ఎఱ్ఱకోటును బట్టి దానికి 'లాల్ పల్టన్' అని పేరు. దక్షిణపు సిపాయి పేరు ఆ కోటుతోపాటు క్రొత్త సిపాయికి సంక్రమించెను. నూఱేండ్ల తరువాత 1857లో ఢిల్లీ ప్రజలు తమ వీధులలోనికి వచ్చిన తిరుగుబాటు సిపాయిలను 'తిలంగే' యనిరి. వారిలో అధికులు అవధు, బీహారు సీమలనుండి వచ్చినవారు. తెలుగు ముక్క ఎఱుగనివారు. ఒక జాతి పేరు ఒక చొక్కా పేరైనది. చొక్కా ఎవరు తొడిగిన వారు తిలంగాలైరి.

ఈ మార్పునందు విపరీతమైన దేమియు లేదని తోచవచ్చును. బిలాస్‌పూరువంటి రైల్వే పట్టణములో ఇది నిత్యము జరుగునదే. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఏర్పడిన పిమ్మట, ఆ దారి వెంబడి పనులకై శ్రీకాకుళము, విశాఖ సీమల తెలుగువారు ఎందఱో ఇటు వచ్చి స్థిరపడిరి. 2003లో బిలాస్‌పూరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్యస్థానమయ్యెను. స్టేషనులో ఎఱ్ఱచొక్కాతో, చేతికి ఇత్తడి బిళ్ళతో నిలుచున్నవానిని ఎవ్వరును పేరుపెట్టి పిలువరు. నల్లకోటువాడు టిక్కెట్టు చూచువాడు, తెల్లదుస్తులవాడు గార్డు. పని సాగుటకు ఇది అవసరము. వేషము చూచి మనిషిని గుర్తించుట తప్పు కాదు. అయితే వేషము కనిపించిన పిమ్మట మనిషి కనిపించుట మానినచో, అచట తప్పు మొదలగును. ఎఱ్ఱచొక్కావాని బిళ్ళమీది సంఖ్యను చదివిన ప్రయాణికుడు ఆతనిని చూచితి ననుకొనును.

వేషము మనిషిని కప్పివేయుట రణరంగమున ఎంత దారుణమైనదో తెలుగునేలమీద జరిగిన యుద్ధమే తెలుపును. 1758 డిసెంబరులో పిఠాపురము సమీపమున చందుర్తి వద్ద ఇంగ్లీషు కర్నలు ఫోర్డు, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ తలపడిరి. ఫోర్డు వెంట విజయనగరపు ఆనందగజపతి కలడు. ఫోర్డు సిపాయిలు వంగదేశమునుండి ఓడలమీద వచ్చినవారు, ఎఱ్ఱకోట్లు తొడిగినవారు. ఫ్రెంచివారి సిపాయిలు తెల్లదుస్తులవారు. ఇంగ్లీషు తెల్లసైనికుల దళము ఎత్తుగా పెరిగిన చేను చాటున మరుగుపడెను. ఎఱ్ఱకోట్లను చూచి ఫ్రెంచివారు సిపాయిలనే తెల్లసైనికులుగా భ్రమించి తమ బలమునంతయు వారిపై మోపిరి. సిపాయిలు చెదరిరి. చెదరినవారిని తఱుముచు ముందుకు వచ్చిన ఫ్రెంచివారిపై చేనిచాటు దళము ప్రక్కనుండి కాల్పులు జరిపెను. ఇంగ్లీషువారు గెలిచిరి, ఉత్తర సర్కారుల భవితవ్యము మారెను. ఆ రోజున ఎఱ్ఱకోటు అలంకారము కాదు. ఎవరిమీద దెబ్బ పడవలెనో నిర్ణయించిన గుర్తు. ఉత్తరాదిన 'తెలుగువాడు' అను పేరు గల వేషముతో, తెలుగువాడు కానివాడు, తెలుగునేలమీదికి వచ్చి, తాను తెల్లవాడనుకొన్న శత్రువు చేతిలో పడిపోయెను. మూడు పేర్లలో ఒక్కటియు ఆతనిది కాదు.

చందుర్తి యుద్ధమును బొమ్మలతో తీర్చువాడు ఆ కోట్ల ఎఱుపును సరిగా దిద్దుట తన ధర్మమనుకొనును. అది ధర్మమే. ఆ ఎఱుపు లేనిచో ఆనాడు జరిగినదే అర్థము కాదు. వేషమును అజాగ్రత్తగా చిత్రించినవాడు ఆ సిపాయి ఎందుకు చచ్చెనో చెప్పలేడు. కావున యథార్థవేషము పనికిమాలిన చాదస్తమనువారు పొరబడినారు. మనస్సులోని జాలి ఎంత గొప్పదైనను, వాస్తవము తెలియని జాలి ఎవరిమీద పడుచున్నదో దానికే తెలియదు. శ్రద్ధ లేని దయకంటె దయ లేని శ్రద్ధ కొంత మేలు. ఏలననగా శ్రద్ధనుండి దయ పుట్టుటకు అవకాశము కలదు. చేతిమడత రంగు వెదకబోయినవాడు దళపు చరిత్ర చదువును. దళపు చరిత్ర చదివినవాడు దండనల పట్టికను చూడక తప్పదు.

ఈ దారినే బెల్తరాలోని గుమాస్తా 1806కు వచ్చినాడు. ఆ యేటి మద్రాసు సైన్యమున తలపాగ ఒక సామాన్యవస్తువు కాదు. సేనాధిపతి సర్ జాన్ క్రాడక్ కాలమున, 1805 నవంబరులో క్రొత్త నిబంధనలు వెలువడెను. సిపాయిలు గడ్డము తీసివేయవలెను, మీసము ఒకే తీరుగా కత్తిరింపవలెను, కవాతునందు నుదుట కులమతచిహ్నములు ధరింపరాదు, చెవులకు పోగులుండరాదు. పాత తలపాగకు బదులు తోలు కుచ్చుగల క్రొత్త తలపాగ పెట్టవలెను. అది సిపాయిల కంటికి దొరల టోపీవలె కనిపించెను. హిందువునకు ఆ తోలు, ముస్లిమునకు ఆ గడ్డపు నియమము, ఇరువురకును ఆ టోపీ పోలిక సహింపరానివయ్యెను. 1806 మే నెలలో వేలూరులో నాలుగవ రెజిమెంటు రెండవ పటాలమువారు ఆ తలపాగను నిరాకరించిరి. ఒక హిందువునకు, ఒక ముస్లిమునకు తొమ్మిదేసి వందల కొరడా దెబ్బలు శిక్ష పడెను. జూలై 10 తెల్లవారకముందే వేలూరు కోటలో సిపాయిలు తిరుగబడి నూఱుమందికి పైగా తెల్లసైనికులను, పలువురు అధికారులను చంపిరి. ఆర్కాటునుండి గిలెస్పీ గుఱ్ఱపుదళముతో వచ్చి కోటను పట్టుకొనెను. ఆపైన వందలకొలది సిపాయిలు చంపబడిరి. హైదరాబాదులోని కంపెనీ సైన్యమునందును అలజడి పుట్టెను. టిప్పు సుల్తాను కుమారులు ఆ కోటలోనే కాపుదలలో నుండుట మొదలగు ఇతర కారణములును చరిత్రకారులు చెప్పుదురు. కాని తలపాగ ఆజ్ఞను ఉపసంహరింపక తప్పలేదు. క్రాడకును, గవర్నరు బెంటింకును 1807లో వెనుకకు పిలిపించిరి. తిరుగబడిన పటాలముల పేర్లను సైన్యపు జాబితానుండి తొలగించిరి.

ఇపుడు కుంచె పట్టినవాని చిక్కు స్పష్టమగును. నిబంధనగ్రంథము ప్రకారము 1806 సిపాయికి క్రొత్త తలపాగ కలదు, నుదుట బొట్టు లేదు, చెవిపోగు లేదు. అట్లు చిత్రించినచో బొమ్మ యథార్థమే; ఆజ్ఞ నిజముగా జారీ యైనది గదా. కాని ఆ బొమ్మ ఆజ్ఞ పాలింపబడిన సిపాయిని చూపును. ఆ తలపాగను నిరాకరించి కొరడా దెబ్బలకు వీపు చూపినవాడు అందు లేడు. పాత తలపాగ పెట్టి, నుదుట బొట్టు దిద్ది చిత్రించినచో అదియు యథార్థమే. అట్లు నిలిచినవారు నిజముగా నుండిరి గదా. కాని నిబంధనలు తెలిసినవాడు చూచి, గుండీలన్నియు సరిపోయినవి గాని తలపాగ తప్పినదని నవ్వును. ఆ తప్పునకే ఒకప్పుడు తొమ్మిదివందల దెబ్బలు శిక్ష. యథార్థత యను ఒక్క ప్రమాణముతో ఈ రెండు బొమ్మలలో ఒకదానిని ఏరుకొనుట అసాధ్యము. రెండును యథార్థములే. ఏరుకొన్నవాడు ఎవరి మాటను ప్రమాణముగా గ్రహించెనో ఆ యెంపిక తెలుపును.

ఇచట కొందఱు తప్పించుకొను మార్గము చూపుదురు. బొమ్మ చేయువాడు న్యాయాధిపతి కాడు. వేషమును చూపుట ఆతని పని, తీర్పు చెప్పుట కాదు అందురు. వినుటకు ఇది వినయముగా నుండును. కాని వేషమునకు ఆధారములు ఎవరి చేతి వ్రాతలు? నిబంధనలు వ్రాసినది సైన్యము. బట్టకు, గుండీలకు లెక్క వ్రాసినది సైన్యపు కొట్టు. పటములు వ్రాయించినది చాలవఱకు అధికారులే. సిపాయి తన వేషమునుగూర్చి తన మాట వ్రాసిపెట్టుట మిక్కిలి అరుదు. ఒకే పక్షపు కాగితములు మిగిలియున్నపుడు, తీర్పు చెప్పను, కాగితములను మాత్రమే అనుసరింతును అనువాడు తీర్పు చెప్పియే యున్నాడు. తాను చెప్పితినని మాత్రము ఎఱుగడు.

మఱియొక త్రోవ కూడ ఉండెనని పాత చిత్రకారులు సాక్ష్యమిత్తురు. కంపెనీ కాలమున తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతముల చిత్రకారులు దొరలకొఱకు కాగితముమీదను, అభ్రకపు రేకులమీదను దేశపు జనులను జంటలుగా చిత్రించుచుండిరి. సాలెవాడును అతని భార్యయు, కుమ్మరియు అతని భార్యయు ఉన్నట్లే, సిపాయియు అతని భార్యయు కలరు. కోటు ఎఱ్ఱగా, పట్టీలు తెల్లగా, దొరకు కావలసినంత ఖచ్చితముగా దిద్దినారు. ఆ ప్రక్కనే చీర కట్టిన స్త్రీ యొకతె నిలుచున్నది. ఆమె ఏ దళమునకు చెందినది కాదు; ఆమె చీరకు నిబంధన లేదు. ఆమె ప్రక్కన నిలుచుటతోనే ఆ ఎఱ్ఱకోటు ఒక ఇంటివానిదైనది; సంధ్యవేళకు విప్పి చిలుకకొయ్యకు తగిలించు వస్త్రమైనది. చిత్రకారుడు దొరను ధిక్కరింపలేదు, వేషమున ఒక్క గీత తప్పలేదు. అయినను మనిషిని మఱవలేదు. దొర కోరినది జనుల పట్టికయే కావచ్చును. చూడగలవానికి అందులో కాపురము కనిపించును.

పీఠమును గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. బొమ్మ కాళ్ళ క్రింద ఇసుక, గడ్డి అంటించుటను చాలమంది తుది మెఱుగుగా మాత్రమే భావింతురు. ఛత్తీస్‌గఢ్ రైతు నల్లనేలను కన్హార్ అనియు, పసుపునేలను మటాసీ అనియు, ఎఱ్ఱని గరుపనేలను భాటా అనియు వేఱువేఱు పేర్లతో పిలుచును. ఏ నేలలో ఏ వరి పండునో ఆతనికి తెలియును. అట్టివాని కంట బొమ్మ పీఠము పడినచో, ఇది ఎవరి చేను అని అడుగును. చందుర్తిలో తెల్లదళమును దాచిన ఎత్తైన చేను ఒక రైతుది. ఆ మధ్యాహ్నము తరువాత దానిలో ఏమి మిగిలినదో ఏ సేనాని నివేదికయందును వ్రాయబడదు. 1757 జనవరి 24న బొబ్బిలికోట ముట్టడిలో బుస్సీ ఫిరంగులను, తాండ్ర పాపారాయుని కత్తిని బొమ్మలుగా తీర్చుట కష్టము కాదు. కోట లోపల తమ స్త్రీలను, పిల్లలను శత్రువుల చేత పడనీయక తమవారే చంపుకొన్న గదిని ఏ పీఠముమీద పెట్టవలెను? దానిని పెట్టకపోవుట తప్పని అనలేము. అంత దుఃఖము వేడుకవస్తువు కారాదు. కాని దానిని ఎఱుగనట్లు ఫిరంగుల రంగునుగూర్చి మాత్రమే వాదించుట తప్పకుండ తప్పే. చూపనిది ఉన్నదని తెలిసి చూపకుండుట మర్యాద. లేదనుకొని చూపకుండుట అజ్ఞానము. పైకి రెండు బొమ్మలును ఒకేరీతిగా నుండవచ్చును. చేసినవాని మనస్సులో మాత్రము చాల భేదము కలదు.

అయితే చేసినవాని మనస్సుతో చూచువానికేమి పని యని అడుగవచ్చును. పని కలదు. బొమ్మ ఒంటరిగా నుండదు. ఇంటికి వచ్చిన పిల్లవాడు అల్మారా ముందు నిలిచి, ఈయన ఎవరు తాతయ్యా అని అడుగును. అపుడు వచ్చు సమాధానమే బొమ్మకు తుది పూత. నాలుగవ రెజిమెంటు, చేతిమడతలు ఇట్టివి, 1806 అని చెప్పి ఊరకుండవచ్చును. ఆ యేడు ఈయనను ఒక తలపాగ పెట్టుకొమ్మనిరి, పెట్టుకొననన్నాడు, ఆపైన ఇట్లు జరిగెను అనియు చెప్పవచ్చును. మొదటి సమాధానము అబద్ధము కాదు. రెండవది విన్న పిల్లవాడు రేపు స్టేషనులో ఎఱ్ఱచొక్కావాని బిళ్ళను చూచి, ఆ పైని ముఖమును కూడ చూచుటకు అవకాశము కలదు. ఆ అవకాశమునకై ఇంత శ్రమ పడుట వ్యర్థము కాదు.

కావున వేషసత్యమును తృణీకరించి మనుష్యసత్యమును పట్టుకొనుమనుట ఈ చిక్కునకు పరిష్కారము కాదు. వేషమును గాలికి విడిచినవానికి మనిషియు దొరకడు. ఏ కాలపువాడో, ఏ నేలవాడో తెలియని వట్టి జాలిబొమ్మ మిగులును. గుండీలు సరిగా లెక్కింపవలసినదే. లెక్కించిన పిమ్మట, ఈ లెక్క ఎవరు వ్రాసినది, వ్రాయనివాడు ఎవడు అని అడుగవలెను. ఆ ప్రశ్న వేసికొన్నవాడు ఏ తలపాగ ఏరుకొన్నను తన యెంపికకు తానే పూచీదారుడగును. నియమావళి వెనుక దాగడు.

బెల్తరాలోని దీపము క్రింద కూర్చున్నవాడు బొట్టు పెట్టుటకే నిశ్చయించుకొన్నాడనుకొందురు గాక. పాత తలపాగ చుట్టినాడు, చెవికి చిన్న పోగు దిద్దినాడు. పీఠము అంచున దళము, సంవత్సరము వ్రాసినాడు. దాని క్రింద పేరు వ్రాయుటకు చోటు మిగిలినది. ఆ సిపాయి పేరు ఆతనికి తెలియదు; కల్పించి వ్రాయుట ఆతనికి చేతకాదు, చేతనైనను తగదు. ఆ చోటును అట్లే విడిచిపెట్టినాడు. యథార్థత కోరువాడు చేయదగిన పనులలో అదియు ఒకటి.